గాలి ఎంత, గోలీ తప్పెంత, కాలి గొప్పెంత?

ఒడిశాలో పర్లాకిమిడి దాటి మహేంద్రతనయ ఏటి ఒడ్డు వెంబడి పోతే, జీడితోటల పక్కన మా కుర్రాళ్లు చదును చేసుకున్న మైదానం ఒకటుంది. ఏటా వేసవి సెలవుల్లో అక్కడ ఫుట్‌బాల్ టోర్నమెంట్ పెడతారు. మొదటి బహుమతి మేకపోతు. ఈసారి ఫైనల్‌కి గుణుపురం వైపు నుంచి ఒక జట్టు, సరిహద్దు అవతల ఆంధ్రాలోని పాతపట్నం నుంచి ఒక జట్టు వచ్చాయి. ఆట ఇంకో పది నిమిషాల్లో అయిపోతుందనగా గుణుపురం కుర్రాడొకడు మధ్య గీతకి ఇవతలే బంతి అందుకున్నాడు. తలెత్తి ఒక్కసారి చూశాడు. కాలు వెనక్కి తీసి బలంగా పైకి లేపాడు. గోలీ, అంటే గోల్ కాసేవాడు, బాగా ముందుకొచ్చి నిలబడి ఉన్నాడు. బంతి తల మీదుగా పోతుంటే దాన్నే చూస్తూ వెనక్కి వెనక్కి నడిచి, కాలు మడతపడి కూలబడ్డాడు. బంతి గట్టి నేల మీద ఒక్క గెంతు గెంతి, రెండు వెదురు గడల మధ్య నుంచి తోటలోకి పోయింది. మైకులో "గోల్ హేలా! గోల్ హేలా!" అని ఒడియాలో, ఆ వెంటనే "గోలండి బాబూ గోలు" అని తెలుగులో.

మా గోల్‌పోస్టులకి వల ఉండదు. అందుకని బంతి గడల లోపల నుంచి పోయిందా, బయట నుంచా అని మొదటి గొడవ. రిఫరీగా ఉన్న డ్రిల్లు మాస్టారు తోట గట్టు మీద కూర్చున్న పిల్లల్ని అడిగి దాన్ని తేల్చారు. రెండో గొడవ మాత్రం తేలలేదు.

"గోల్ గాలి ఏసింది గానీ ఆడేసినాడేటి?" అని పాతపట్నం వాళ్లు.

"తలెత్తి సూసినాడా లేదా? సూసి కొట్టినోడిది లక్కెలాగవుద్ది మావా?" అని ఇటువాళ్లు.

రాత్రికి వాట్సాప్ గ్రూపుల్లో బెక్‌హామ్ వీడియో, రొబెర్టో కార్లోస్ వీడియో, ఎవరో గోలీ కొట్టిన గోల్ వీడియో వచ్చిపడ్డాయి. నిజానికి అవి మూడూ మూడు వేరు సంగతులు. వాటిని ఒకే వాదానికి సాక్ష్యంగా తెచ్చి పెట్టడంతోనే చిక్కు మొదలైంది.

## ఎంత దూరమైతే దూరం?

ఫుట్‌బాల్ నియమాల్లో 'లాంగ్ రేంజ్' అన్న మాటకి కొలత లేదు. గోల్ ముందు గీసే పెద్ద పెట్టె, అదే పెనాల్టీ బాక్స్, గోల్ గీత నుంచి 16.5 మీటర్లు ముందుకి ఉంటుంది. లెక్కలు రాసేవాళ్లకి దాని బయట నుంచి కొట్టిందల్లా దూరపు షాటే. చూసేవాళ్ల కొలత వేరు. బాక్సు అంచు నుంచి పడ్డ గోల్‌ని ఎవరూ కథగా చెప్పుకోరు. ముప్పై మీటర్లు దాటితే కామెంటేటర్ గొంతు లేస్తుంది. సగం మైదానం నుంచి పడితే పదేళ్ల తర్వాత కూడా ఎక్కడో ఒకచోట చూపిస్తూనే ఉంటారు.

దూరం పెరిగితే పని ఎంత కష్టమవుతుందో చిన్న లెక్కతో తెలుస్తుంది. గోల్ వెడల్పు 7.32 మీటర్లు, ఎత్తు 2.44 మీటర్లు. పెనాల్టీ కొట్టే చోటు గోల్‌కి 11 మీటర్లు. అక్కడ నిలబడి చూస్తే గోల్ 37 డిగ్రీల మేర పరుచుకుని కనిపిస్తుంది. 25 మీటర్ల నుంచి 17 డిగ్రీలే. 50 మీటర్ల నుంచి 8 డిగ్రీల పైచిలుకు. అంటే సగం మైదానం నుంచి సరిగ్గా నడిమికి గురిపెట్టినా, అటో ఇటో నాలుగు డిగ్రీలు కాలు తప్పితే బంతి బయటే. పైగా ఇది వెడల్పు లెక్క మాత్రమే. ఎత్తు తప్పడం అంతకన్నా తేలిక.

దూరంతో ఇంకో నష్టం కూడా ఉంది. గంటకి 108 కిలోమీటర్ల వేగంతో కొట్టిన బంతి సెకనుకి 30 మీటర్లు పోతుంది. 11 మీటర్ల నుంచి అది గోల్ చేరడానికి సెకనులో నాలుగో వంతు కంటే కాస్త ఎక్కువ, అర సెకను కంటే తక్కువ పడుతుంది. గోలీ ముందే ఒకవైపు ఊహించి దూకక తప్పదు. అదే బంతి 30 మీటర్ల నుంచి వస్తే సెకను దాటుతుంది, గాలి దాన్ని నెమ్మది చేస్తుంది కాబట్టి ఇంకొంచెం ఎక్కువే. ఆ సెకనులో మంచి గోలీ చూసి, అడుగేసి, దూకి చాలావరకు మూలల్ని అందుకుంటాడు.

కాబట్టి దూరం నుంచి నేరుగా, మామూలుగా కొట్టిన బంతి గోల్ అవకపోవడమే సహజం. అయిందంటే ఏదో ఒకటి అదనంగా జరిగి ఉండాలి. మధ్యలో మనుషులు అడ్డొచ్చి గోలీకి బంతి ఆలస్యంగా కనిపించడం, ఎవరి కాలికో తగిలి దారి మారడం లాంటివి పక్కన పెడితే, కొట్టేవాడు తన కాలితో చేయగలిగే అదనపు పనులు మూడు.

## గోలీ లేని చోట వేయడం

మొదటిది మా కుర్రాడు చేసిన పని. గోలీ ముందుకొచ్చాడని గమనించి అతని తల మీదుగా లేపడం. దీన్ని లాబ్ అంటారు.

దీని గొప్ప కాలి బలంలో కంటే చూపులో ఎక్కువ ఉంది. 50 మీటర్ల దూరం ఎత్తుగా వెళ్లే బంతి గాల్లో దాదాపు మూడు సెకన్లు ఉంటుంది. గోలీ తన గీతకి 15 మీటర్లు ముందుకొచ్చి ఉన్నాడనుకుందాం. ఇది షాటే, పాసు కాదు అని గ్రహించడానికి అర సెకను పోయింది. మిగిలింది రెండున్నర సెకన్లు. వెనక్కి తిరిగి, ఆకాశంలో బంతిని చూస్తూ పరిగెత్తేవాడు సెకనుకి ఐదు మీటర్లు పోతాడనుకున్నా పన్నెండున్నర మీటర్లే అయింది. ఇంకా రెండున్నర మీటర్లు మిగిలే ఉంది, బంతి లోపలికి పోయింది. అదే గోలీ పది మీటర్లే ముందుకొచ్చి ఉంటే తాపీగా వెనక్కొచ్చి పట్టుకునేవాడు. ఐదు మీటర్ల తేడాతో గొప్ప గోల్ కాస్తా వెర్రి షాటు అయిపోతుంది. ఆ తేడాని తలెత్తిన ఒక్క క్షణంలో కనిపెట్టాలి.

ఈ ఆలోచనని లోకానికి చూపించింది ఒక పడని గోల్. 1970 ప్రపంచ కప్‌లో చెకొస్లొవేకియా మీద పెలే తన సగంలోంచే కొట్టాడు. గోలీ ఇవో విక్టర్ వెనక్కి పరిగెత్తాడు, అందుకోలేకపోయాడు, బంతి గోల్‌పోస్టు పక్క నుంచి బయటికి పోయింది. బ్రెజిల్‌లో ఇప్పటికీ ఎవరైనా మధ్య గీత దగ్గర నుంచి గోల్ కొడితే 'పెలే కొట్టని గోల్' అంటారు. పడని బంతికి ఇంత పేరు రావడం ఇంకే ఆటలోనైనా ఉందేమో నాకు తెలియదు.

1996 ఆగస్టు 17న మాంచెస్టర్ యునైటెడ్ కుర్రాడు డేవిడ్ బెక్‌హామ్ లండన్‌లో వింబుల్డన్ మీద అదే పని చేసి పడగొట్టాడు. అప్పటికి అతని వయసు 21. మన దేశంలో చూడాలంటే 2022 ఫిబ్రవరిలో కేరళ బ్లాస్టర్స్ తరఫున స్పెయిన్ ఆటగాడు ఆల్వారో వాస్కెజ్ నార్త్‌ఈస్ట్ యునైటెడ్ మీద కొట్టింది ఉంది. దూరం 59 మీటర్లు అన్నారు. మా కుర్రాళ్ల ఫోన్లలో ఇది తప్పకుండా ఉంటుంది. గుణుపురం కుర్రాడూ ఇదే చూసి నేర్చుకున్నానన్నాడు.

ఇక్కడ గోలీ తప్పు లేదా అంటే, ఉంది. అయితే గోలీలు ముందుకి రావడం సోమరితనం వల్ల కాదు. డిఫెండర్లు దాటిపోయిన పాసుని అందుకోవడానికి వాళ్లు ముందుకి వచ్చి నిలబడాలి. ఇప్పటి ఆటలో గోలీ కాలితో పాసులు కూడా ఇస్తాడు కాబట్టి ఇంకా ముందుకి వస్తున్నాడు. సంవత్సరమంతా అలా నిలబడి ఆపిన ప్రమాదాలు ఎవరి కంటా పడవు, తల మీదుగా పోయిన ఒక్క బంతీ అందరి ఫోన్లలోకి ఎక్కుతుంది.

## వంపు: బంతి ఎందుకు తిరుగుతుంది

రెండో పని బంతిని గాల్లో వంచడం. బంతిని నడిమిన కాకుండా పక్కగా తన్నితే అది గిరగిరా తిరుగుతూ పోతుంది. తిరిగే బంతి తన చుట్టూ గాలిని ఒక పక్కకి తోస్తుంది, గాలి దాన్ని రెండో పక్కకి తోస్తుంది. 1850లలో దీన్ని పరీక్షించి చూపించిన జర్మన్ శాస్త్రవేత్త పేరు మీద మాగ్నస్ ప్రభావం అంటున్నారు. క్రికెట్‌లో స్పిన్నర్ బంతి గాల్లోనే పక్కకి జరగడం, తిరుగుతూ వచ్చి చటుక్కున కిందకి దిగడం చూసినవాళ్లకి ఇది కొత్తేమీ కాదు.

1997 జూన్ 3న లియాన్‌లో ఫ్రాన్స్ మీద బ్రెజిల్ ఆటగాడు రొబెర్టో కార్లోస్ 35 మీటర్ల నుంచి ఫ్రీ కిక్ (అవతలివాళ్ల తప్పుకి ఇచ్చే తన్ను) కొట్టాడు. ఎడమ పాదం బయటి అంచుతో. బంతి అడ్డుగోడగా నిలబడ్డ ఆటగాళ్ల కుడి పక్క నుంచి ఎంత దూరంగా పోయిందంటే, గోల్ పక్కన చాలా అవతల నిలబడ్డ బంతులందించే కుర్రాడు తల దించుకున్నాడు. అక్కడి నుంచి బంతి ఎడమకి తిరిగి, స్తంభం లోపలి వైపు తగిలి, వలలో పడింది. గోలీ బార్తెజ్ కదల్లేదు. బయటికి పోయే బంతికి ఎందుకు దూకుతాడు?

ఇది అనుకోకుండా జరిగిందని చాలా ఏళ్లు అన్నారు. 2010లో ఫ్రెంచ్ భౌతిక శాస్త్రవేత్తలు దీన్ని లెక్కగట్టారు. బంతి ముందుకి పోయే వేగం గాలి వల్ల తగ్గుతూ ఉంటుంది, కానీ తనచుట్టూ తాను తిరిగే వేగం అంతగా తగ్గదు. దాంతో పోనుపోను వంపు బిగుసుకుంటుంది, నత్తగుల్ల మీద గీత లోపలికి తిరిగినట్టు. ఈ బిగింపు కంటికి తెలియాలంటే బంతి చాలా దూరం, చాలా వేగంగా పోవాలి. అంటే ఇక్కడ దూరం అడ్డంకి కాదు, సాయం. ఇరవై మీటర్ల నుంచి కొట్టి ఉంటే ఆ చివరి మలుపు వచ్చేలోపే బంతి గోల్ దాటిపోయేది. మా వాదంలో ఎవరూ పట్టించుకోని సంగతి ఇదే: కొన్ని గోల్స్ దూరమైనా పడ్డవి కావు, దూరం వల్లే పడ్డవి.

ఇంకో చిన్న సంగతి, మా ప్రాంతం వాళ్లకి పనికొచ్చేది. కోరాపుట్ సముద్రమట్టానికి సుమారు 870 మీటర్ల ఎత్తున ఉంది. అక్కడ గాలి తీరంలో కంటే ఎనిమిది శాతం దాకా పలచన. కింద నుంచి ఆడడానికి వెళ్లిన మా కుర్రాళ్లు "బాల్ ఎక్కువ పోతోంది, తిరగట్లేదు" అంటారు. పూర్తిగా వాళ్ల ఊహేమీ కాదు. పలచటి గాలి బంతిని తక్కువ ఆపుతుంది, తక్కువ వంచుతుంది. అయితే ఓడిపోయిన మ్యాచ్‌కి ఇదే కారణమంటే మాత్రం నమ్మడం కష్టం.

## ఊగిసలాట: కొట్టినవాడికీ తెలియని దారి

మూడోది దీనికి తలకిందులు. బంతిని అసలు తిరగనివ్వకుండా, నడిమిన గట్టిగా తన్నడం. తిరగని బంతి తిన్నగా పోవాలి కదా అనిపిస్తుంది. పోదు. బంతి కుట్లకీ ముక్కల అంచులకీ గాలి ఒకసారి ఇటు, ఒకసారి అటు విడిపోతుంటే బంతి ఊగుతూ వస్తుంది. నకుల్‌బాల్ అంటారు.

దీనికి బంతి తయారీతో సంబంధం ఉంది. పాత బంతులకి 32 ముక్కలు. 2010 దక్షిణాఫ్రికా ప్రపంచ కప్‌కి ఎనిమిది ముక్కలతో, చాలా నున్నగా, జబులానీ అనే బంతి చేశారు. గోలీలు బహిరంగంగానే తిట్టుకున్నారు. తర్వాత అమెరికా అంతరిక్ష సంస్థ నాసా గాలి సొరంగంలో పెట్టి చూస్తే, ఆ బంతి గంటకి 80 నుంచి 88 కిలోమీటర్ల వేగం దగ్గర ఎక్కువ ఊగుతోందని తేలింది. పెద్ద ఆటగాళ్లు ఫ్రీ కిక్ కొట్టే వేగం సరిగ్గా అంతే. 2014 నాటి బ్రజూకా బంతికి ఆరే ముక్కలు, కానీ కుట్లు లోతైనవి, ఉపరితలం గరుకు. దాని ఊగుడు 48 కిలోమీటర్ల దగ్గరే వచ్చిపోతుంది. అంత మెల్లగా గోల్‌కి ఎవరూ కొట్టరు. మా టోర్నమెంట్ బంతి పైతోలు లేచిపోయి, రెండుచోట్ల కుట్టు ఉబ్బి ఉంటుంది. అది ఏ వేగం దగ్గర ఊగుతుందో నాసా కూడా చెప్పలేదు.

జబులానీ అందరికీ శాపమే అయితే, ఉరుగ్వే ఆటగాడు డియెగో ఫోర్లాన్ అదే బంతితో దక్షిణాఫ్రికా, ఘనా, నెదర్లాండ్స్ మీద దూరం నుంచి గోల్స్ కొట్టి ఆ కప్‌లో ఉత్తమ ఆటగాడయ్యాడు. కాబట్టి బంతి ఊగడం అదృష్టం కావచ్చు, ఊగేలా కొట్టడం మాత్రం అభ్యాసం. బంతి ఎటు ఊగుతుందో కొట్టినవాడికీ తెలియదు. తెలియనవసరం లేదు. గోలీకి తెలియకపోతే చాలు.

## అనుకుని కొట్టాడా?

2002 ప్రపంచ కప్ క్వార్టర్ ఫైనల్లో ఇంగ్లండ్ మీద రొనాల్డినో దూరం నుంచి, పక్కగా ఉన్న చోటు నుంచి ఫ్రీ కిక్ కొట్టాడు. బంతి ముందుకొచ్చిన గోలీ సీమన్ తల మీదుగా పోయి పైమూలలో పడింది. అది షాటా, లోపలున్న తనవాళ్ల తలలకి వేసిన క్రాస్ దారితప్పిందా అని ఈనాటికీ వాదిస్తున్నారు. స్కోరు బోర్డుకి ఆ అనుమానం లేదు. బ్రెజిల్ 2-1తో గెలిచింది.

ఫిఫా 2009లో అందమైన గోల్‌కి పుష్కాష్ అవార్డు పెట్టినప్పుడు రాసుకున్న షరతుల్లో ఒకటి, ఆ గోల్ అదృష్టం వల్లో పొరపాటు వల్లో పడింది కాకూడదని. వినడానికి బాగుంటుంది. కానీ లాబ్ పడాలంటే గోలీ నిలబడ్డ చోటు తప్పాలి కదా? 2016లో ఈ అవార్డు మలేసియా ఆటగాడు ఫైజ్ సుబ్రి ఫ్రీ కిక్‌కి వచ్చింది. బంతి ఒక పక్కకి పోతూ పోతూ గాల్లో రెండో పక్కకి మళ్లింది. దాన్ని ఎంత అతను అనుకున్నాడు, ఎంత గాలి చేసింది అని విడదీయడం ఎవరి తరం?

నా మటుకు గీత ఒకచోట గీయొచ్చు. 2013 నవంబరులో స్టోక్ సిటీ గోలీ బెగోవిచ్ తన గోల్ ముందు నుంచి మామూలుగా బంతిని దూరంగా తన్నాడు. గాలి తోడై, ఒక గెంతు గెంతి, అవతలి గోలీ మీదుగా లోపలికి పోయింది. ఆట మొదలై 13 సెకన్లే. 91.9 మీటర్లతో గిన్నిస్ రికార్డు. 2021 జనవరిలో న్యూపోర్ట్ కౌంటీ గోలీ టామ్ కింగ్ 96.01 మీటర్లతో దాన్ని దాటాడు. దూరం మామూలుది కాదు, కానీ వాళ్లు గోల్‌కి గురిపెట్టలేదు. బెగోవిచ్ అయితే తోటి గోలీ బాధ తెలిసినవాడిలా సంబరమే చేసుకోలేదు. దూరమే గొప్పకి కొలత అయితే అన్నిటికన్నా గొప్ప గోల్స్ ఇలాంటివే అవ్వాలి. అలా ఎవరికీ అనిపించదు.

నియమాల సంగతి కూడా ఒకరు అడిగారు. కిక్-ఆఫ్, అంటే ఆట మొదలుపెట్టే తన్ను, నుంచి నేరుగా కొట్టిన గోల్ 1997 నుంచి చెల్లుతుంది. త్రో-ఇన్, అంటే పక్క గీత దాటిన బంతిని చేత్తో లోపలికి విసరడం, నేరుగా పడితే చెల్లదు. గోలీ చేత్తో విసిరింది పడినా 2019 నుంచి చెల్లదు.

## లెక్కల వాళ్ల అభ్యంతరం

ఈ మధ్య టీవీలో 'ఎక్స్‌జీ' అని ఒక అంకె చూపిస్తున్నారు. ఎక్స్‌పెక్టెడ్ గోల్స్. అలాంటి చోటు నుంచి, అలాంటి పరిస్థితిలో కొట్టిన పాత షాట్లు వేలల్లో తీసుకుని, నూటికి ఎన్ని గోల్స్ అయ్యాయో చూసి, ఈ షాటుకి విలువ కడతారు. పెనాల్టీకి 0.76 దాకా ఉంటుంది, అంటే నూటికి 76. పాతిక మీటర్ల నుంచి ఆట మధ్యలో కొట్టిన షాటుకి 0.03 దగ్గర. నూటికి మూడు.

ఇక్కడి నుంచి పుట్టిన వాదం ఇది. పాతిక మీటర్ల దగ్గర బంతి ఉంది. కొడితే నూటికి మూడు గోల్స్. కొట్టకుండా పాసు ఇస్తే, పదిసార్లలో నాలుగుసార్లు దగ్గరికి చేరి 0.12 విలువైన షాటు దొరుకుతుందనుకుందాం. నూటికి నలభై షాట్లు, నలభై ఇంటూ 0.12, దాదాపు ఐదు గోల్స్. కాబట్టి పాసు ఇవ్వడమే తెలివి. ఇంగ్లిష్ ప్రీమియర్ లీగ్‌లో గత పదిహేనేళ్లలో బాక్సు బయటి షాట్ల వాటా తగ్గుతూ రావడానికి ఈ లెక్క ఒక కారణం.

ఎదుటి వాదమూ తేలికైంది కాదు. దూరం నుంచి ఎప్పుడూ కొట్టరని తెలిస్తే అవతలి డిఫెండర్లు బయటికే రారు, అందరూ బాక్సులోనే గుమిగూడతారు, ఆ 0.12 కాస్తా 0.06 అవుతుంది. అప్పుడప్పుడు కొట్టే షాటు వాళ్లని ముందుకి లాగడానికి కూడా. గోలీ చేతికి తగిలి తిరిగొచ్చిన బంతి, కార్నర్, ఇవన్నీ షాటు విలువలో కనిపించవు.

మా మైదానానికి వస్తే లెక్కే తిరగబడుతుంది. అక్కడ రెండు పాసులు వరసగా సాగితే చప్పట్లు కొడతారు. గుంతలో పడి బంతి ఎటు పోతుందో ఎవరికీ తెలియదు. పదిసార్లలో నాలుగు అన్నచోట ఒకటి పెట్టండి. నూటికి పది షాట్లు, పది ఇంటూ 0.12, ఒక్క గోల్ పైచిలుకు. అప్పుడు నూటికి మూడు వచ్చే దూరపు షాటే మెరుగు. మధ్య గీత నుంచి కొట్టినప్పుడు మూడు కూడా రావు, నిజమే, గోలీ ముందుకి రాకపోతే. అంకెలు తప్పు కావు, ఏ నేల మీద తీసిన అంకెలో అడగాలి.

## అంత మోజు దేనికి?

క్రికెట్‌లో 70 మీటర్ల సిక్సర్‌కీ ఆరే, 105 మీటర్ల సిక్సర్‌కీ ఆరే. అయినా మీటర్లు కొలిచి చూపిస్తారు. ఫుట్‌బాల్‌లో కూడా అంతే, గీత మీద నుంచి తోసినా ఒకటే, మధ్య నుంచి కొట్టినా ఒకటే. తేడా చూసేవాళ్ల వైపు ఉంది. దగ్గర గోల్ జరిగాక తెలుస్తుంది. దూరపు గోల్ జరుగుతుండగా తెలుస్తుంది. ఆ మూడు సెకన్లూ మా గట్టు మీద వేరుశనక్కాయలు ఒలిచే చేతులు కూడా ఆగిపోయాయి. బంతి దిగుతుండగా ఒక ముసలాయన "అయిపోనాదిరో" అన్నాడు. ఎవరికి అయిపోయిందో ఆయనకీ తెలిసినట్టు లేదు.

మర్నాడు సాయంత్రం గాలి పడిపోయాక, మేనత్త గారింట్లో ఆగిపోయిన ఆ కుర్రాణ్ణి పట్టుకొచ్చి, అదే చోట నిలబెట్టి, గోలీ లేకుండా ఇరవైసార్లు కొట్టించాం. మూడు గడల మధ్య నుంచి పోయాయి, అందులో రెండు నేలకి తగిలి గెంతినవి. నాలుగు పొట్టిగా పడి ఆగిపోయాయి, మిగతావి తోటలోకి. "గోలీ లేకుండానే ఇరవైకి మూడా? మేం సెప్పలేదేటి?" అన్నారు పాతపట్నం వాళ్లు. "ఇరవైకి మూడు పడే సోట నిన్న ఒక్కటే కొట్టి ఒక్కటీ ఏసినాడు, గోలీ ముందుకొచ్చినాడని సూసి మరీ" అన్నారు ఇటువాళ్లు. మేకపోతు అప్పటికే గుణుపురం బండెక్కి వెళ్లిపోయింది.